రషీదున్నీసా కుట్టిన కుచ్చుల గౌన్లు

నేను ఒమాన్‌లోని సీబ్‌లో ఒక క్లినిక్‌లో నర్సుగా చేరిన కొత్తలో, కంపెనీ వాళ్లిచ్చిన యూనిఫాం నాకు గోనెసంచి తొడిగినట్టు ఉండేది. మబేలాలో తెలుగు మాట్లాడే ఆడమనిషి ఒకామె కుట్టుపని చేస్తుందని ఎవరో చెబితే వెతుక్కుంటూ వెళ్లాను. అలా పరిచయమైంది రషీదున్నీసా. అప్పటికే నలభై ఐదు దాటాయి ఆమెకు. సన్నటి మనిషి. ఎప్పుడూ రెండు గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని, అవి తియ్యకుండానే మాట్లాడేది. నా యూనిఫాం తిరగేసి లోపలి కుట్లు చూసి, "ఎవురు కుట్టినారో గానీ, బిరీన ఇంటికి పోవల్లని కుట్టినారు" అంది.

ఊరు ప్రొద్దుటూరు. వాళ్ల నాన్న నాటకాల వాళ్లకు వేషాలు కుట్టేవాడట. రాజు కోటు రెండు నిమిషాల్లో విప్పి సన్యాసి అంగీ తొడుక్కోవాలి, అలాగని దర్బారు సీనులో హుక్కు ఊడకూడదు. అలాంటి హుక్కులు, కాజాలు కుట్టడం ఎనిమిదేళ్ల వయసు నుంచీ ఈమె పని. పెళ్లయింది, భర్త లారీ ప్రమాదంలో పోయాడు, 2006లో ఇంటిపని వీసా మీద ఒమాన్ వచ్చింది. ఉమ్ ఖాలిద్ అనే పెద్దావిడ ఇంట్లో వంటా, ఇల్లు ఊడవడం. ఒక రంజాన్‌కి దర్జీ చేతులెత్తేస్తే ఇంట్లో ఆడపిల్లలు నలుగురికీ ఈమే బట్టలు కుట్టింది. పెద్దావిడ ఆ పని చూసి, నాలుగేళ్లకు మబేలాలో తన పేరు మీద దుకాణం తెరిచి, ఈమె వీసా టైలర్‌గా మార్పించింది. ఇళ్లలో పనిచేసేవాళ్లు యజమానురాలిని "మామా" అంటారు. దుకాణానికి మారినా రషీదున్నీసా ఆ పిలుపు మానలేదు.

ఆమెకు అసహ్యం జాస్తి. ఉతకని బట్ట ముట్టేది కాదు. చెమట వాసనతో జాకెట్టు సరిచేయమని ఎవరైనా తెస్తే, ఎంత పెద్దింటి మనిషైనా, ఉతికి తెమ్మని తిప్పి పంపేది. కొత్త బట్ట కోసేముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేది, ఆపరేషన్ చేయబోయే డాక్టరులాగా. నాకు నవ్వొచ్చేది. నవ్వితే, "నువ్వు నర్సువి గదా, నువ్వే నవ్వితే ఎట్ల" అనేది.

ఆమె దగ్గరికి రాబిన్‌ను తీసుకెళ్లింది నేనే. ఆ సంగతి ముందే చెప్పుకోవాలి.

రాబిన్‌ది కాకినాడ. ఎయిర్‌పోర్టు దగ్గర ఒక హోటల్లో పార్టీలూ, విందులూ చూసుకునే మేనేజరు. మస్కట్ రూవిలో, అక్కడి సెలవురోజైన శుక్రవారం జరిగే మా తెలుగు చర్చి ఆరాధనలో, డ్యూటీ లేని వారాల్లో పాటలు నడిపించేది అతనే. కళ్లు మూసుకుని పాడితే ముసలమ్మలు ఏడ్చేవారు. 2015 జనవరిలో ఒకరోజు ఆరాధన అయ్యాక, మంచి టైలర్ ఎవరైనా తెలుసా అని నన్ను అడిగాడు. చమురు ధర పడిపోయి కంపెనీల మీటింగులు ఆగిపోయాయట, హోటల్లో హాళ్లన్నీ ఖాళీ అట. అందుకని ఫిబ్రవరిలో ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒక పెద్ద భోజనం పెట్టబోతున్నారు. మెక్సికో వంటలు ఒక పక్క, స్పెయిన్ వంటలు ఒక పక్క, గోడమీద ఆ రెండు దేశాల వాళ్లూ కలిసి ఉండే పాత పాటల సినిమా ఒకటి, వడ్డించే అమ్మాయిలకు ఆ సినిమాలో వేసిన గౌన్లు. ఎనిమిది గౌన్లు కావాలి.

రషీదున్నీసా ముందు ఒప్పుకోలేదు. అతను "అక్కా, అక్కా" అంటూ, సినిమా ఉన్న పెన్‌డ్రైవ్ బల్లమీద పెట్టి వెళ్లాడు. ఆ సాయంత్రం నా లాప్‌టాప్ తీసుకెళ్లాను. ఇద్దరం కలిసి చూశాం.

బ్లాక్ అండ్ వైట్ సినిమా. కింద అక్షరాలు కూడా రావు. అయినా కథ అర్థమైంది. స్పెయిన్ నుంచి ఒక నాటకాల జట్టు ఓడ దిగి మెక్సికోలో ఒక చిన్న ఊరికి వస్తుంది. వస్తూ వస్తూ వాళ్ల వేషాల పెట్టె ఏట్లో పడి కొట్టుకుపోతుంది. ఆ ఊళ్లో గుర్రాల ఆసామి ఒకడు, పెద్ద అంచుల టోపీ పెట్టుకుని, నాటకాల పిల్లను ఏడిపిస్తూ పాడతాడు. ఆ పిల్ల మడమలు నేలకు కొడుతూ, చేతులు తడుతూ జవాబు పాడుతుంది. ఇద్దరిదీ ఒకటే భాష, కానీ అతను ఒక మాట అంటే ఆమెకు తిట్టులా వినిపిస్తుంది, ఆమె మామూలుగా ఏదో అడిగితే ఊరంతా పడీపడీ నవ్వుతుంది.

"మన ప్రొద్దుటూరూ, ఆయప్ప కాకినాడ మాదిరి" అంది రషీదున్నీసా.

తర్వాత ఊరి ఆడవాళ్లంతా కూర్చుని, ఆ జట్టుకు తమ బట్టలతోనే వేషాలు కుడతారు. తలగడ గలేబులు, పెళ్లినాటి పావడలు కత్తిరించి స్పెయిన్ కుచ్చులు పెడతారు. వాళ్లలో ఒక ముసలమ్మ, నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఆ నాటకాల పిల్ల చుట్టూ మోకాళ్లమీద తిరుగుతూ అంచు సరిచేస్తుంది. పిల్ల పాడుతూనే ఉంటుంది, ముసలమ్మ సూదుల మధ్యనుంచే వంత పాడుతుంది. రషీదున్నీసా ఆ సీను వెనక్కి తిప్పించి నాలుగుసార్లు చూసింది. ఆమె అంత మనసారా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆ మర్నాడే రాబిన్‌కు ఫోన్ చేసి, కుడతానంది.

రంగు ఏమిటన్నది పెద్ద చిక్కయింది. బ్లాక్ అండ్ వైట్‌లో ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా ఉన్నాయి. ఏదైనా ఫరవాలేదు, మెరిస్తే చాలన్నాడు రాబిన్. ఆమె ఊరుకోలేదు. దుకాణంలో ఉన్న గుడ్డముక్కలన్నీ వరుసగా పరిచి, నా ఫోన్‌లో రంగు తీసేసి ఫొటోలు తీయించింది. సినిమా ఆపి, ఆ బూడిదరంగు పక్కన ఈ బూడిదరంగు పెట్టి చూసుకుంది. మూడు రోజులు అదే పని. చివరికి గౌను దానిమ్మపువ్వు రంగు, కుచ్చుల అంచు పసుపు అని తేల్చింది. నిజానికి అదే రంగో కాదో ఆ దేవుడికే తెలియాలి. కానీ ఆమెకు అనుమానం లేదు.

సాటిన్ గుడ్డ తెచ్చి పడేశాడు రాబిన్, ముట్టుకుంటే గోళ్లకు పట్టుకుని జర్రుమనేది. ఆమె అది తిప్పి పంపి, సీబ్ బజారులో తిరిగి నూలు గుడ్డ ఏరుకొచ్చింది. ఒక్కో గౌనుకు పద్దెనిమిది మీటర్ల కుచ్చు. అంత కుచ్చుకూ అంచు పీకో చేసి, చేత్తో మడతలు పట్టింది.

కొలతలు తీసుకోవడానికి హోటల్‌కు వెళ్లివచ్చిన రోజు ఆమె అన్నం తినలేదు. కింద లాండ్రీ గదిలో అమ్మాయిలను వరుసగా నిలబెట్టారట. మాసిన దుప్పట్ల కుప్పలు, బ్లీచింగు వాసన, పైపులోంచి కారే నీళ్లు. రాబిన్ గోడకు ఆనుకుని నిలబడి, ఈ అమ్మాయికి ఇక్కడ ఎక్కువ, ఆ అమ్మాయికి అక్కడ తక్కువ అని వంకలు పెట్టాడట, సంతలో మేకల్ని చూసినట్టు. వీపు నడుము దాకా తెరిచి కుట్టమన్నాడట, సినిమాలో లేదు గదా అని ఈమె అంటే, సినిమా వేరు మా గెస్టులు వేరు అన్నాడట. ఆ ఎనిమిది మందిలో ఒకతి తెలుగు పిల్ల, భీమవరం దగ్గరి అబిగైల్. గదులు శుభ్రం చేసే పనికని వచ్చింది. కొలతలప్పుడు, వీపు మీద చిన్ననాటి కాలిన మచ్చ ఉందని, కొంచెం కప్పి కుట్టమని రహస్యంగా అడిగింది. ఒక్కదానికే కప్పి కుడితే అందరి కళ్లూ దానిమీదే పడతాయని, రషీదున్నీసా ఎనిమిదికి ఎనిమిదీ మెడ దాకా వీపు మూసి కుట్టింది. అవి అందినరోజు రాబిన్ ముఖం మాడ్చుకున్నాడు గానీ, అప్పటికి గురువారం, మార్చడానికి టైం లేదు.

మా ఇద్దరికీ రెండు పాసులిచ్చాడు. శుక్రవారం ఆరాధన నుంచి నేను నేరుగా హోటల్‌కు వెళ్లాను. రషీదున్నీసా ఇస్త్రీ చేసిన సల్వార్ వేసుకుని అప్పటికే గేటు దగ్గర ఉంది. సినిమాను పెద్ద గోడమీద చూడబోతున్నానని ఆమెకు చాలా ఆశ.

హాల్లోకి అడుగు పెట్టగానే బీరు, చేపలు, సెంటు కలిసిన వాసన ముక్కుకు కొట్టింది. గోడమీద సినిమా నడుస్తూనే ఉంది. కానీ మాట లేదు, పాట లేదు. నోరు నొక్కేశారు. దాని బదులు ఒక కుర్రాడు స్పీకరు పెట్టెల ముందు నిలబడి ఏదో డప్పు సంగీతం పెట్టాడు. బొమ్మను గోడ వెడల్పుకు లాగేయడంతో నాటకాల పిల్ల పొట్టిగా, లావుగా, నీళ్లలో ఉబ్బినట్టు కనిపించింది. ఎవరూ గోడవైపు చూడటం లేదు. పళ్లేల్లో సగం కొరికిన రొయ్యలు, వాటిమీద ఐస్‌క్రీం, ఐస్‌క్రీంలో గుచ్చిన సిగరెట్టు. బల్లల కింద అన్నం. ఇంకా పెట్టుకోవడానికి వరుసలో తోసుకుంటున్నారు. ముసలమ్మ గుండుసూదుల సీను వస్తుందని రషీదున్నీసా నా మోచెయ్యి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే సినిమా ఆపి, వచ్చేవారం రాయితీ గురించి హోటల్ వాళ్ల ప్రకటన వేశారు. అది పోయేసరికి సీను అయిపోయింది.

ఆమె నీళ్లు, రెండు ఖర్జూరాలు తప్ప ఏమీ ముట్టుకోలేదు. నేను మాత్రం పళ్లెం నింపుకున్నాను. దాచడమెందుకు, రెండోసారి కూడా వెళ్లొచ్చాను.

మా పక్క బల్ల దగ్గర ఆరుగురు మగవాళ్లు. ఏ దేశం వాళ్లన్నది అనవసరం. అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఒకతను చేత్తో రొయ్యలు ఒలుచుకుని తింటూ ఏదో కథ చెబుతున్నాడు. అబిగైల్ గ్లాసుల ట్రే రెండు చేతులా పట్టుకుని ఆ పక్కగా వచ్చింది. అతను కథ ఆపకుండానే, ఆమె ముఖం వైపు చూడకుండానే, చెయ్యి చాపి గౌను కుచ్చు దగ్గరికి లాక్కుని వేళ్లు తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలే. బొటనవేలు ఆఖరున. పసుపు అంచు మీద నూనె మరక పరుచుకుంది. బల్లంతా నవ్వారు. ట్రే నిండా గ్లాసులు, అబిగైల్ కదలడానికి లేదు. రెండడుగుల దూరంలో రాబిన్ ఉన్నాడు. చూశాడు. చూసి, నాప్‌కిన్లు కూడా ఉన్నాయి సార్ అని ఇంగ్లీషులో జోకు వేసి, వాళ్లతోపాటు నవ్వాడు.

నేను పళ్లెం పక్కకు తోశాను. రషీదున్నీసా లేచింది. మా బల్లమీది నాప్‌కిన్ తీసుకుని వెళ్లి అతని చేతిలో పెట్టి, హిందీలో, గొంతు పెంచకుండా అంది.

"చేతులు దీనికి తుడుచుకో. ఆ గుడ్డలో మనిషి ఉంది."

అతనికి హిందీ వచ్చో రాదో. రాబిన్ వైపు చూశాడు, ఎవరీమె అన్నట్టు. రాబిన్ పరుగెత్తుకొచ్చి, ఈమె మా టైలర్ సార్, ఏమీ తెలియని మనిషి, క్షమించాలి అని నడుము వంచి మరీ చెప్పాడు. అబిగైల్‌కు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ పిల్ల ట్రే పట్టుకుని వంటగది వైపు వెళ్లిపోయింది. రాబిన్ మమ్మల్ని గేటు దాకా దిగబెట్టి, రేపు మాట్లాడదాం అక్కా అన్నాడు. టాక్సీలో రషీదున్నీసా కిటికీ దించి, దారి పొడవునా ముఖం బయటికి పెట్టుకునే కూర్చుంది. నా చేతికి రొయ్యల వాసన పోలేదు. ఇంటికెళ్లి మూడుసార్లు కడుక్కున్నాను.

శనివారం పొద్దున నేను దుకాణంలో ఉండగానే రాబిన్ వచ్చాడు. వెనకాల డ్రైవరు ఒక నల్లటి చెత్తసంచి మోసుకొచ్చి, కత్తిరించే బల్లమీద, తెల్లటి కొత్త గుడ్డ పరిచి ఉన్న చోట, బోర్లించాడు. ఎనిమిది గౌన్లు. బీరుతో తడిసి, ఆ తడిలోనే రాత్రంతా మూటకట్టి ఉండి, పుల్లటి వాసన గుప్పుమంది. ఒకదాని చేతికి సిగరెట్టు కాల్చిన బొక్క. ఒకదానిలో ఎవరో కక్కి, నీళ్లతో తుడిచి వదిలేశారు. కుచ్చుల మధ్య నిమ్మచెక్క ఒకటి అతుక్కుని ఉంది.

ఉతికించి, వీపు నడుము దాకా కోసి, కింద మోకాళ్ల పైకి ఎత్తి కుట్టి, బుధవారానికి ఇవ్వాలన్నాడు రాబిన్. నిన్నటి విషయం జీఎం దాకా వెళ్లిందని, తానే ఎలాగో సర్దిచెప్పానని, ఆమె తనకు కృతజ్ఞురాలై ఉండాలన్నట్టు మాట్లాడాడు.

రషీదున్నీసా వాటిని ముట్టుకోలేదు. అప్పటిదాకా అతన్ని "నాయనా" అని పిలిచేది. ఆ రోజు "సార్" అంది.

"నేను కుట్టను సార్. సంచీలో ఏసుకోని పోండి."

"అక్కా, చిన్న విషయాన్ని ఇంత చేస్తారేంటి? వాడేదో చెయ్యి తుడుచుకున్నాడు. ఉతికితే పోద్ది."

"గుడ్డకైతే పోతాది."

ఆమె వెళ్లి మిషను ముందు కూర్చుంది. అతను నా వైపు తిరిగి, చెల్లీ నువ్వైనా చెప్పు అన్నాడు. ఆరాధనలో కళ్లు మూసుకుని పాడే ఆ ముఖమే. నేను గుమ్మం వైపు చూశాను గానీ, అతన్ని పొమ్మనలేదు. సంచి అక్కడే వదిలేసి, దుకాణం ఎవరిదో తనకు తెలుసని అంటూ వెళ్లాడు.

మధ్యాహ్నానికి ఉమ్ ఖాలిద్ వచ్చింది. రాబిన్ ఫోన్ చేశాడట. ఆమె గడప దాటగానే ముసుగు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఒక గౌను మెడ దగ్గర తన దుకాణం పేరున్న గుడ్డచీటీ చూసింది. హోటల్లో తాగుడు నడిచే చోటికి తన పేరు పంపినందుకు రషీదున్నీసానే ముందు చీవాట్లు పెట్టింది. ఆ మగవాడు చేసింది విన్నాక రాబిన్‌ను కూడా తిట్టింది. చివరికి తేల్చిందేమంటే, ఇక మీదట ఆడవాళ్ల పైఅంగీలు అబాయాలు, కింద తొడిగే సిర్వాళ్లు, బడి యూనిఫాంలు తప్ప బయటి ఆర్డరు ఏదీ పట్టకూడదని. రషీదున్నీసా తల వంచుకుని, "సరే మామా" అంది. తర్వాత ఆ ఎనిమిది గౌన్లకూ గుడ్డచీటీలు బ్లేడుతో ఊడదీసింది. రెండు వేళ్ల కొసలతో పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని.

ఆ మరుసటి రోజు అబిగైల్ తన ఆఫ్ డ్యూటీలో వచ్చింది. తనను వడ్డించే పని నుంచి తీసేసి మళ్లీ గదులకు పంపారని చెప్పింది. చెబుతూ సంతోషంగానే ఉంది. గౌన్లు పట్టుకురమ్మని రాబినే పంపాడట. అంత కంపుతో టాక్సీ ఎక్కించుకోరని, దుకాణం వెనకున్న కుళాయి దగ్గర కూర్చుని ఉతకడం మొదలుపెట్టింది. రషీదున్నీసా కాసేపు గడపలో నిలబడి చూసింది. తర్వాత చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని వెళ్లి పక్కన కూర్చుంది. నేను నీళ్లు పోశాను. ముగ్గురం ఎనిమిదీ ఉతికాం. నూనె మరక మాత్రం పోలేదు. పసుపు అంచు మీద అయిదు వేళ్లూ విడివిడిగా తెలుస్తూనే ఉన్నాయి. తన గౌనేదో అబిగైల్‌కు తెలుసు, కానీ దాన్ని వేరే తీయలేదు.

ఆ గౌన్లను రాబిన్ రూవిలో ఎవరిచేతనో కోయించాడు. ఆ నెలంతా హోటల్ వాళ్లు ఫేస్‌బుక్‌లో ఫొటోలు పెట్టారు. వీపులు తెరిచారు, కింద కత్తిరించిన చోట కనీసం మడిచి కుట్టలేదు, దారాలు వేలాడుతున్నాయి. నేను బుద్ధిలేక ఆమెకు చూపించాను. ఆమె ఒక్క క్షణం చూసి ఫోను వెనక్కి తోసింది. లేచి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చింది.

నేను ఆరాధనకు వెళ్లడం మానలేదు. కానీ రాబిన్ పాట మొదలుపెడితే బయటికి వచ్చి చెప్పుల దగ్గర నిలబడేదాన్ని.

డిసెంబరులో, క్రిస్మస్‌కు పది రోజులుందనగా, రాబిన్ మళ్లీ దుకాణానికి వచ్చాడు. ఈసారి భార్యనూ, నాలుగేళ్ల కూతురినీ తీసుకుని. పాపకు పండగ గౌను కావాలి. ఏమీ జరగనట్టే "అక్కా, బావున్నారా" అన్నాడు. చేతిలో కేకు డబ్బా. రషీదున్నీసా అతని వైపు చూడలేదు. భార్యతోనే మాట్లాడింది. పిల్లలవైతే పెద్దావిడ అడ్డుచెప్పదని ఒప్పుకుంది. పాప ముందు మోకాళ్లమీద కూర్చుని కొలతలు తీసుకుంది, పాప చక్కిలిగింతకు నవ్వితే తనూ నవ్వింది. నాలుగు రోజుల్లో గౌను కుట్టి ఇచ్చింది. లోపలి లైనింగు కూడా పాప ఒంటికి గుచ్చుకోకుండా మెత్తటి నూలుతో వేసింది. నేను చూశాను, ఎక్కడా ఒక్క కుట్టు పక్కకు పోలేదు.

కేకు డబ్బా మాత్రం మొదటి రోజు పెట్టిన బల్లమీదే, కట్టిన దారం విప్పకుండా ఉంది.

"ఆ బిడ్డకేం తెలుసు మ్మే" అంది నేను అడగకుండానే. "వాండ్ల నాయన తెచ్చింది మాత్రం నా గొంతు దిగదు. నువ్వు పోయేటప్పుడు తీసకపోయి యాడన్నా పారేయి. ఈడ వద్దు."

మంచి కేకే, డబ్బా బయటికే నేతి వాసన వస్తోంది. బస్సు ఎక్కే చోట మున్సిపాలిటీ వాళ్ల పెద్ద చెత్తడబ్బా ఉంది. మూత ఎత్తితే లోపల కుళ్లిన టమాటాలు. వాటిమీద డబ్బా పెట్టి మూత వేసి, బస్సు ఎక్కాను.